విక్రాంత్ నమూనాకు 1971 నాటి రూపము

నౌకకు పేరు ఒక్కటే యైనను రూపము ఒక్కటి కాదు. ఒక మనుష్యుని బాల్యమునాటి ఛాయాచిత్రమును, వార్ధక్యమునాటి ఛాయాచిత్రమును ప్రక్కప్రక్కన ఉంచినచో పోలికలు కనబడును గాని, ఒకదానికి బదులు మరియొకటి చెల్లదు. యుద్ధనౌకల విషయమున ఈ భేదము మరింత యెక్కువ. ముప్పది నలువది యేండ్లు సముద్రముపై పనిచేయు నౌకను పలుమారులు నౌకాశాలకు చేర్చి పాత యంత్రములను తీసి క్రొత్తవి పెట్టుదురు, ఫిరంగులను మార్చుదురు, స్తంభములను కోసి వేరు స్తంభములను నిలుపుదురు. అందుచేత “ఇది ఫలానా నౌక నమూనా” అని చెప్పుట చాలదు. “ఫలానా నౌక ఫలానా యేట ఉండిన రూపము” అని చెప్పవలెను.

నౌకల నమూనాలు చేయుటకు వలయు ప్లాస్టిక్ భాగములు పెట్టెలలో అమ్ముదురు. భాగములను కత్తిరించి, అతికించి, రంగు వేసినచో చేతిలో పట్టు నౌక సిద్ధమగును. పిల్లలకు ఇది వినోదము. పెద్దలకు ఓర్పు నేర్పు విద్య. ఐతే పెట్టెను తయారుచేసినవారు ఆ నౌక జీవితమున ఏదో ఒక యేటిని ఎన్నుకొని ఆనాటి రూపమునే ఇత్తురు. మనకు వేరొక యేటి రూపము కావలెనన్నచో కొంత కోసి, కొంత చేర్చి, నౌకను వెనుకటి కాలమునకు నడిపింపవలెను.

ఇంగ్లండులో పోర్ట్స్‌మత్ రేవున నేటికిని భద్రపరచిన ‘విక్టరీ’ నౌక ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము. అది 1765లో నీట దిగినది. దానికి కీర్తి తెచ్చిన ట్రఫాల్గర్ యుద్ధము 1805లో జరిగినది. ఈ నలువది యేండ్ల నడుమ, 1800 మొదలు 1803 వరకు జరిగిన పెద్ద మరమ్మతులో, నౌక వెనుకభాగమున బయలుగా ఉండిన వసారాలను మూసివేసిరి. ముందుకొననుండిన భారమైన కొయ్యశిల్పమును తీసి చిన్నదానిని పెట్టిరి. అమ్మకమునకు వచ్చు విక్టరీ నమూనాలు సాధారణముగా ట్రఫాల్గర్ నాటి రూపమునే చూపును. 1765 నాటి రూపమును కోరువాడు మూసిన వసారాలను మరల తెరవవలసియుండును.

మనకు అట్టి నౌక విక్రాంత్. 1961 మొదలు 1997 వరకు మన నౌకాదళమున పనిచేసిన పాత విక్రాంత్‌ను గూర్చి మేము చెప్పుచున్నాము. 2022 సెప్టెంబరు 2వ తేదీన కొచ్చిలో సేవలో ప్రవేశించిన నేటి విక్రాంత్ వేరు నౌక. పేరును, ‘ఆర్ 11’ అను సంఖ్యయు మాత్రమే పాతదాని నుండి సంక్రమించినవి.

ప్రతి సంవత్సరము డిసెంబరు 4వ తేదీన నౌకాదళ దినోత్సవము జరుగును. ఆ రోజులలో తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతపు పాఠశాలల ప్రదర్శనములలో అట్టతోను, కొయ్యతోను, ప్లాస్టిక్‌తోను చేసిన విక్రాంత్ నమూనాలను మేము చూచియున్నాము. పిల్లల చేతిపని మెచ్చదగినది. కాని నౌక ప్రక్కన “1971 యుద్ధ విజేత” అను ఫలకము ఉండగా, నౌక ముందుకొన పైకి లేచిన వాలుతో ఉండుటయు కలదు. 1971లో విక్రాంత్‌కు ఆ వాలు లేదు. అది చేరినది 1987 తరువాత. ఇంత చిన్న భేదమును పట్టించుకొననేల యని కొందరు అడుగవచ్చును. ఆ యేటి కథలోని ముఖ్యమైన భాగము ఆ భేదముననే యున్నదని చూపుట ఈ ప్రసంగము ఉద్దేశము.

ముందుగా రెండు మాటలు పరిచయము చేసికొందము. ఓడ ముందరికొనకు అణియమనియు, వెనుకకొనకు అమరమనియు మన నిఘంటువులలో పేర్లు ఉన్నవి. ఇకమీద ఆ మాటలనే వాడుదుము.

విక్రాంత్ పుట్టుక ఇంగ్లండులో జరిగినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున బ్రిటిషు నౌకాదళము కొరకు ‘హెర్క్యులీస్’ అను పేరుతో దానిని కట్ట నారంభించిరి. 1945 సెప్టెంబరు 22వ తేదీన అది నీట దిగినది. అప్పటికే యుద్ధము ముగిసినందున పని నిలిచిపోయెను. అసంపూర్తిగానున్న ఆ నౌక పదియేండ్లకు పైగా అట్లే పడియుండెను. 1957 జనవరిలో భారత ప్రభుత్వము దానిని కొన్నది. బెల్‌ఫాస్టు నగరమున నిర్మాణము పూర్తియై, 1961 మార్చి 4వ తేదీన విక్రాంత్ అను పేరుతో సేవలో ప్రవేశించినది. ఆ సంవత్సరము నవంబరు 3వ తేదీన బొంబాయి చేరినది.

పని నిలిచిపోవుట ఆ నౌకకు ఒక విధముగా మేలైనది. అది పడియుండిన యేండ్లలోనే విమానవాహక నౌకల స్వరూపమును మార్చిన మూడు ఉపాయములు బ్రిటనులో పుట్టినవి. అవి మూడును విక్రాంత్‌కు అమరినవి. నమూనా చేయువాడు ఈ మూడింటిని చక్కగా గ్రహింపవలెను.

మొదటిది ఓరగా గీసిన దిగుదారి. పూర్వము విమానతలము నిట్టనిలువుగా అమరము నుండి అణియము వరకు ఒకే దారిగా ఉండెడిది. దిగు విమానము ఆపుదల తీగలను అందుకొనలేకపోయినచో ముందు నిలిపిన విమానములను ఢీకొనెడిది. దిగుదారిని ఎడమవైపునకు ఓరగా త్రిప్పినచో ఆ ప్రమాదము తొలగును. తీగ తప్పిన విమానము వేగము హెచ్చించి, ఎదుట అడ్డు లేనందున మరల గాలిలోనికి లేచిపోవును.

రెండవది అద్దపు గురి. దిగుచున్న విమానము సరియైన వాలులో ఉన్నదో లేదో నౌక ఎడమప్రక్క నుంచిన అద్దములోని దీపకాంతిని చూచి చోదకుడు తెలిసికొనును.

మూడవది ఆవిరి విసురుయంత్రము. దీనినే కాటపల్టు అందురు. పొలములో పిట్టలను తోలు వడిసెల రాతిని విసరినట్లు ఈ యంత్రము విమానమును విసరును. విమానతలము క్రింద పొడవైన గొట్టములు ఉండును. వానిలోనికి ఒక్కుమ్మడిగా ఆవిరి వదలినపుడు లోపలి కడ్డీలు ముందుకు దూసికొనిపోవును. వానికి తగిలించిన విమానము క్షణములలో ఎగురుటకు చాలిన వేగము అందుకొనును. రేపల్లె స్టేషనులో రైలుపట్టాలు ముగిసినట్లు విమానతలము అణియము దగ్గర హఠాత్తుగా ముగియును, ఆవల సముద్రమే. ఆ కొద్ది దూరములో బరువైన విమానమును గాలికి అప్పగించు శక్తి ఆవిరిది.

ఇక వెనుకటి రూపమునకును కడపటి రూపమునకును భేదమెట్లు వచ్చినదో చూతము. మొదటి యేండ్లలో విక్రాంత్ మీద రెండు రకముల విమానములు ముఖ్యముగా ఉండెడివి. ఒకటి సీహాక్, ఒక చోదకుడు నడుపు జెట్ యుద్ధవిమానము. రెండవది ఫ్రెంచివారి అలిజే. ముందు పంకాతో, ముగ్గురు మనుష్యులతో ఎగురుచు జలాంతర్గాములను వెదకునది. రెండింటికిని విసురుయంత్రము కావలెను. రెండును తీగలను కొక్కెముతో పట్టుకొని దిగును. 1983లో సీహారియర్ అను క్రొత్త జెట్ విమానములు వచ్చినవి. వీని ఇంజను గాలిగొట్టములను క్రిందికి త్రిప్పవచ్చును. కాబట్టి అవి నిలువుగా దిగగలవు, తీగలతో పని లేదు. అణియము పైకి లేచియున్నచో తక్కువ పరుగుతోనే అవి ఎక్కువ బరువు మోయుచు లేవగలవు. అలిజేలు 1987లో విక్రాంత్ నుండి సెలవు తీసికొన్న తరువాత విసురుయంత్రమును తొలగించి, 9.75 డిగ్రీల వాలును అణియముపై కట్టిరి. దీనిని స్కీజంపు అందురు. తెనాలిలో కాలువకట్ట మీదికి ఎక్కు బాటను తలచుకొన్నచో దాని ఆకారము బోధపడును. కట్టమీదికి చేరిన తరువాత ఆ బాట గాలిలో ఆగిపోవునని మాత్రము ఊహించుకొనవలెను.

కావున విక్రాంత్‌కు ముఖ్యముగా మూడు దశలు ఏర్పడినవి. సమతలముతో, సీహాక్, అలిజే విమానములతో ఉండినది మొదటి దశ. సమతలము అట్లే యుండగా సీహారియర్లు చేరినది 1983 మొదలు 1987 వరకు నడిచిన నడిమి దశ. స్కీజంపుతో ఉండినది కడపటి దశ. 1997 జనవరి 31వ తేదీన సేవ విరమించిన తరువాత నౌక ముంబయిలో ప్రదర్శనశాలగా నిలిచి వేలాది ప్రజలకు కనబడినది ఈ కడపటి రూపముననే. అందుచేత దొరకు ఛాయాచిత్రములలో ఇవియే యెక్కువ. వానిని చూచి చేయు నమూనాలును అట్లే యుండుట సహజము.

ఇప్పుడు 1971 మాట. ఆ సంవత్సరము విక్రాంత్‌కున్న నాలుగు బాయిలర్లలో ఒకటి పగుళ్లచేత పనికిరాకపోయెను. ఆ దినములలో అట్టి నౌకను యుద్ధమునకు పంపవలెనా, రేవులో ఉంచవలెనా యను సంశయము కలిగినది. బాయిలరు పోయినచో నష్టము రెండు విధములు. నౌకను నడుపు టర్బయినులకు ఆవిరి బాయిలర్లనుండియే రావలెను. విసురుయంత్రమునకును ఆవిరి అక్కడినుండియే రావలెను. నౌక వేగము తగ్గినచో మరియొక చిక్కు. సూర్యలంక తీరమున గాలిపటము ఎగురవేయు బాలుడు గాలికి ఎదురుగా పరుగెత్తును. విమానవాహక నౌకయు అంతే. విమానము లేచు సమయమున అది గాలికి ఎదురు తిరిగి వేగముగా పరుగెత్తును. ఆ యెదురుగాలి విమానపు రెక్కలకు బలము. పరుగు తగ్గినచో ఎదురుగాలి తగ్గును. భారమంతయు విసురుయంత్రముపై పడును. ఆ యంత్రమునకే ఆవిరి కొరత!

ఐనను విక్రాంత్ బయలుదేరినది. మూడు బాయిలర్లతోనే బంగాళాఖాతమున పనిచేసినది. దానిని వెదకుచు వచ్చిన పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ డిసెంబరు 3, 4 తేదీల నడిరేయి మన విశాఖపట్నము ఎదుటనే మునిగిపోయెను. విక్రాంత్ అప్పటికి అండమాను దీవుల ప్రాంతమున ఉండెను. డిసెంబరు 4వ తేదీన దాని సీహాక్ విమానములు కాక్స్‌బజారుపైనను, చిట్టగాంగుపైనను దాడి చేసినవి. అలిజేలును ఆ యుద్ధమున పాలుగొన్నవి. విసురుయంత్రపు ఒక్కొక్క దెబ్బకును ఒక్కొక్క విమానము లేచినది. ఇది ఆనాటి నావికుల సాహసము. నమూనా మీద స్కీజంపు పెట్టి, విసురుయంత్రపు గీతను విడిచినచో, ఆ సాహసము దేనిపై ఆధారపడినదో చూపు గుర్తు చెరిగిపోవును. నమూనాను చూచు బాలుడు “విమానములు వాలుమీదినుండి సునాయాసముగా లేచినవి” అని నేర్చుకొనును. అది చరిత్ర కాదు.

అసలు నౌకను చూచి దిద్దుకొందమన్నను ఇపుడు అవకాశము లేదు. 2014లో దానిని అమ్మివేసిరి. ముంబయిలో ముక్కలు చేసిరి. దాని ఉక్కులో కొంత 2016లో వచ్చిన ఒక మోటారుసైకిలు తయారీలో కలిసినది. తెనాలి శిల్పులు ఇనుపతుక్కును పోగుచేసి విగ్రహములుగా మలచుట మనము ఎరిగినదే. విక్రాంత్ విషయమున ఆ క్రమము తలక్రిందులై, రూపము తుక్కుగా మారినది. శాతవాహన రాజైన యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు స్తంభముల ఓడ బొమ్మ ఉన్నది. మన తీరపు ప్రాచీన నౌకల రూపమును ఊహించుటకు పండితులకు ఆ వ్రేలిగోరంత బొమ్మయే ముఖ్యమైన ఆధారము. విక్రాంత్ విషయమున మనకు ఛాయాచిత్రములును, పటములును, దానిపై పనిచేసినవారి జ్ఞాపకములును ఉన్నవి. వానిని తేదీల వారీగా సరిచూచి రూపము నిలుపుట ఇంటిలో చేయదగిన పనియే.

ఇక పని విధానము. మొదటి మెట్టు రంపము కాదు, కాగితము. కావలసిన తేదీని వ్రాసికొనవలెను. “1971 డిసెంబరు 4” అని నిర్ణయించినచో ప్రతి భాగమును ఆ తేదీకే కట్టుబడవలెను. పిమ్మట దొరకిన ఛాయాచిత్రములను వరుసగా పేర్చవలెను. చిత్రము క్రింద వ్రాసిన సంవత్సరమును వెంటనే నమ్మరాదు. చిత్రములోని గుర్తులను అడుగవలెను. స్కీజంపు కనబడినచో అది 1987కు తరువాతి చిత్రము. సమతలముపై సీహారియర్ నిలిచియున్నచో అది 1983కును 1987కును నడిమిది. సీహాక్ విమానములు వరుసగా ఉన్నచో అది మనకు కావలసిన మొదటి దశలోనిది.

రెండవ మెట్టు కొలత. విక్రాంత్ పొడవు 700 అడుగులు. తెనాలి స్టేషనులో నిలిచిన రైలుబండిలో ఇంచుమించు తొమ్మిది పెట్టెల పొడవు. నౌకల నమూనాలకు ప్రసిద్ధమైన ప్రమాణము ఏడువందలలో ఒకటవ వంతు. కాబట్టి ఈ ప్రమాణమున విక్రాంత్ సరిగా ఒక అడుగు పొడవుండును, బడిపిల్లల కొలబద్దయంత. మిక్కిలి వెడల్పైన చోట 128 అడుగుల వెడల్పు ఇంచుమించు ఐదున్నర సెంటీమీటర్లగును. నమూనాలో ఒక మిల్లీమీటరు అసలు నౌకలో 70 సెంటీమీటర్లు. మనుష్యుడు నువ్వుగింజ పొడవు కూడ ఉండడు. ఈ లెక్క గుర్తున్నచో పొరపాట్లు తగ్గును. ఉదాహరణమునకు, పాత తలముపై అర మిల్లీమీటరు మందముగల ప్లాస్టిక్ రేకును అతికించి సమతలము చేయుదమని తోచవచ్చును. అర మిల్లీమీటరనగా అసలు నౌకలో 35 సెంటీమీటర్లు. నౌక మొత్తము జానెడుకు పైగా ఎత్తు పెరిగినట్లగును. కావున రేకు వేయదలచినచో పాత తలమును అంత మందము అరగదీసి వేయవలెను. లేదా అణియము భాగమును మాత్రమే మార్చవలెను.

మూడవ మెట్టు కోత. అణియముపై వాలు ఎక్కడ మొదలగునో సన్నని పెన్సిలుతో గీయవలెను. గీతమీదనే కోయరాదు, ఒక మిల్లీమీటరు పైన కోసి, మిగిలినదానిని ఆకురాయితో దింపవలెను. కంసాలులు వాడు సన్నని రంపము ఇందుకు శ్రేష్ఠము. కోసిన చోట క్రింద ఖాళీ కనబడినచో ప్లాస్టిక్ ముక్కలతో నింపి, రంగుపనివారు గోడలకు వాడునట్టి సన్ననిరకము లప్పమును పూసి ఆరనీయవలెను. పిదప అద్దపు పలకపై, తడిపినను చెడని గరుకు కాగితమును పరచి, తడిపి, తలమును బోర్లించి మెల్లగా రుద్దవలెను. తడిపి రుద్దినచో పొడి గాలిలో లేవదు. ఈ పని జరుగువరకు కుడిప్రక్కన పొగగొట్టముతో కూడి నిలుచు ‘దీవి’ అను కట్టడమును అతికింపరాదు. అతికించినచో తలమును బోర్లించుట సాధ్యము కాదు. రంపము, బ్లేడు పిల్లల చేతికి ఈయక పెద్దలే పట్టవలెను. తప్పుగా కోసిన ప్లాస్టిక్‌ను మరల దిద్దుట కష్టము గనుక ముందుగా అట్టతో అణియమును చేసి అభ్యాసము చేయుట మంచిది.

నాలుగవ మెట్టు చేర్పు. సమతలము సిద్ధమైన తరువాత అణియము ఎడమప్రక్కగా విసురుయంత్రపు గీతను దింపవలెను. ఇదియే ఈ మార్పునకు ప్రాణము. ఐనను లోతుగా చెక్కరాదు. అసలు చీలిక మిక్కిలి సన్నము. ప్రమాణము ప్రకారము కంటికి కనబడరానిది. సూదితో గోరు తగిలీ తగలని గీత గీసి, దానిపై ముదురు బూడిదరంగును తుడిచినచో చాలును. పిమ్మట ఓరగా పోవు దిగుదారి గీతలను వేయవలెను. అమరము వైపున దిగుదారికి అడ్డముగా ఆపుదల తీగలను చూపవలెను. పాడైన రేడియో ట్రాన్స్‌ఫార్మరులోని వెండ్రుకవంటి రాగితీగ దీనికి పనికివచ్చును. ఎడమ అంచున అద్దపు గురిని మరువరాదు. 1961లో నౌకపై 40 మిల్లీమీటర్ల బోఫోర్స్ ఫిరంగులు పదునారు ఉండినవి. తరువాత వానిని తగ్గించిరి. కడపటి రూపపు పెట్టెలో ఫిరంగులు తక్కువగా వచ్చును గనుక, మన తేదీకి దగ్గరి చిత్రమును చూచి ఎన్ని, ఎక్కడ అన్నది లెక్కించి చేర్చవలెను. స్తంభములు, రాడార్లు కూడ కాలానుసారముగా మారినవి. వానిని సైతము చిత్రమునుబట్టియే నిలుపవలెను.

ఐదవ మెట్టు విమానములు. సీహారియర్లను ప్రక్కన పెట్టవలెను. సీహాక్ ఈ ప్రమాణమున 17 మిల్లీమీటర్ల పొడవు, బొటనవ్రేలి గోరంత. అలిజే పొడవు 20 మిల్లీమీటర్లు, రెక్కల వెడల్పు 22. రెండింటి రెక్కలును మడుచునవి. నౌకపై చోటు తక్కువ గనుక నిలిపియుంచిన విమానముల రెక్కలను పైకి మడిచి చూపినచో సహజముగా ఉండును. ఒక సీహాక్‌ను విసురుయంత్రపు గీత మొదట, రెక్కలు చాచి నిలుపవలెను. చూచువారికి యంత్రపు పని ఆ ఒక్క విమానముతో బోధపడును. వీనిని అంటించుటకు వ్రేళ్లు చాలవు. ముల్లు తీయు శ్రావణము కావలెను.

విక్రాంత్ పెట్టెయే దొరకనిచో నిరాశ పడ నవసరము లేదు. ఆస్ట్రేలియా ‘మెల్‌బోర్న్’, కెనడా ‘బొనవెంచర్’ విక్రాంత్‌కు తోబుట్టువులు. ఒకే వర్గపు నౌకలు. నీటిలోని దేహము ఇంచుమించు ఒకే తీరు. పై కట్టడములు మాత్రము వేరు గనుక అచట పని పెరుగును. మెత్తని కొయ్యతోనైనను అడుగు పొడవు దేహమును చెక్కుకొనవచ్చును. నిజాంపట్నము, సూర్యలంక తీరములలో పడవలు కట్టు పనివారిని గమనించిన బాలునకు, దేహము మధ్య నుండి అణియమునకు ఎట్లు సన్నబడునో వేరుగా చెప్ప నక్కరలేదు.

నిజమైన యుద్ధనౌకల పైపూత, అతుకులు, ఇనుప రేకుల తీరు కన్నులార చూడగోరువారు విశాఖపట్నము పోయి సముద్రతీరమున ప్రదర్శనశాలగా ఉన్న కుర్సురా జలాంతర్గామిని చూడవచ్చును. అది 1969లో సేవలో చేరినది, విక్రాంత్ కాలపుది. 91 మీటర్ల పొడవు గల ఆ నౌక మన ప్రమాణమున 13 సెంటీమీటర్లగును. సీహాక్, అలిజే విమానములను గోవాలోని నౌకాదళ విమాన ప్రదర్శనశాలలో చూడవచ్చును.

కడపటి మెట్టు ఫలకము. అందు నౌక పేరు, తేదీ, ప్రమాణము వ్రాయవలెను. దాని క్రింద, ఏ భాగములు ఛాయాచిత్రమునుబట్టి చేసినవో, ఏవి అంచనాతో చేసినవో రెండు పంక్తులలో తెలుపవలెను. ఆ రెండు పంక్తులున్నచో, పదియేండ్ల తరువాత మెరుగైన చిత్రము దొరకినవారు సులభముగా దిద్దగలరు. కోసి తీసిన స్కీజంపు ముక్కను పారవేయరాదు. చిన్న పెట్టెలో ఉంచి, “1987 తరువాత చేరినది” అని వ్రాసి, నమూనా ప్రక్కననే పెట్టవలెను. సమతలముపై గీతను, పెట్టెలోని వాలును ఒక్కచోట చూచిన బాలుడు ఒకదాని స్థానమున మరియొకటి ఏల వచ్చినదని అడుగును. అపుడు పెద్దలు అతనికి ఆవిరి సంగతియు, మూడు బాయిలర్ల సంగతియు చెప్పవచ్చును.